స్నేర్ డ్రమ్ కొంటున్నారా? మార్చలేని వాటిని ముందు చూడండి

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు మనవాళ్లు స్నేర్ డ్రమ్ (కింద తీగలు బిగించి ఉండే డ్రమ్ము) కొనే పద్ధతి ఇంచుమించు ఒకటే. మెలోడీ పార్టీలో వాయించే అన్నని అడుగుతారు. ఆయన చెప్పిన కంపెనీ పేరు పట్టుకుని విశాఖపట్నమో భువనేశ్వరమో రైలెక్కుతారు, లేదంటే ఫోన్లో ఆర్డరు పెట్టి పార్సిలు కోసం కాచుక్కూర్చుంటారు. కొట్లో మనిషి నాలుగు దెబ్బలు కొట్టి చూపించి "ప్రొఫెషనల్ మోడల్ బాబూ ఇది" అంటాడు. క్రోమ్ తళతళలాడుతూ ఉంటుంది. బిల్లు కట్టేస్తాం.

కొట్లో మన చెవికి తగిలిన ఆ మోతలో చాలా భాగం పైన ఉన్న హెడ్‌ది (కర్రతో కొట్టే పలచని పొర), దాన్ని బిగించిన తీరుది, కింద ఉన్న తీగలది. ఈ మూడూ రేపు ఇంట్లో కూర్చుని మార్చుకోవచ్చు. షెల్ (డ్రమ్ము ఒళ్లు) గుండ్రంగా ఉందా, దాని అంచు సమంగా ఉందా, స్నేర్ బెడ్ (తీగల కోసం కింది అంచులో తీసే పల్లం) సరిగా తీశారా, లగ్గుల (బిగింపు బోల్టులు పట్టే దిమ్మల) కన్నాలు ఉండాల్సిన చోట ఉన్నాయా అన్నవి మాత్రం మన చేతిలో లేవు. ఫ్యాక్టరీలో ఎలా పుడితే అలాగే వస్తాయి, ఇంట్లో కూర్చుని సరిచేసుకునేవి కావు. తక్కువ డబ్బులో వృత్తిగా వాయించుకునే డ్రమ్ము కావాలంటే ఈ మార్చలేని వాటిని పట్టి పట్టి చూడాలి. మార్చుకోగలిగిన వాటికోసం డబ్బులో అయిదో వంతు పక్కన పెట్టుకోవాలి. చేతిలో 15 వేలు ఉంటే డ్రమ్ముకి 12, మంచి హెడ్లకీ తీగలకీ 3 అన్నమాట.

క్రోమ్‌కీ లగ్గుల లెక్కకీ డబ్బు పెట్టకండి

చికాగోలో 1909లో మొదలైన లడ్విగ్ కంపెనీ 1960లలో ఆక్రోలైట్ అనే స్నేర్ తెచ్చింది. అది స్కూలు పిల్లలు నేర్చుకోవడానికని అమ్మిన చవక సరుకు. 14 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల లోతు, అతుకులేని అల్యూమినియం షెల్, 8 లగ్గులు. అదే కంపెనీ పెద్ద ధరకి అమ్మిన సుప్రాఫోనిక్ 400లోనూ అవే కొలతలు, అదే అల్యూమినియం షెల్. పైన క్రోమ్ పూత ఉంటుంది, లగ్గులు 10 ఉంటాయి, బిగింపు సామాను కాస్త మెరుగు. పిల్లల డ్రమ్మని అమ్మినదాన్ని తర్వాత స్టూడియోల్లో పెద్ద వాయిద్యగాళ్లు ఏరికోరి వాడారు. పైపెచ్చు ఆ పాత సుప్రాఫోనిక్‌ల మీద క్రోమ్‌కి అల్యూమినియం సరిగా అతకక పొక్కులు లేచి గుంటలు పడటం అందరికీ తెలిసిన సంగతే. గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే బరంపురంలో ఉండేవాళ్లు మెరుపుని చూసి ముచ్చటపడేముందు ఇది గుర్తుంచుకోవాలి.

లగ్గులు 10 ఉంటే శ్రుతిని మరింత సన్నగా సరిచేసుకోవచ్చు, గట్టి బిగింపు బాగా నిలుస్తుంది. 8 ఉంటే షెల్ కాస్త విప్పారి మోగుతుంది, బిగించే పని తక్కువ. అంతకుమించి లగ్గుల లెక్కలో గొప్పేమీ లేదు.

ఎక్కడ వాయిస్తారో తేల్చుకోండి

పెళ్లి షామియానా, బరంపురం ఠాకురాణి యాత్ర వీధులు, కోరాపుట్ పరబ్ ఉత్సవ మైదానం లాంటి బయలులో గోడలుండవు, మోత తిరిగి రాదు. అక్కడ లోహపు షెల్ కోసుకుంటూ పోతుంది. గజపతి జిల్లా చర్చిల్లాంటి సిమెంటు హాలులో అదే డ్రమ్ము చెవులు చిల్లులు పొడుస్తుంది. అక్కడికి చెక్క షెల్, లేదా పొడిగా మోగే అల్యూమినియం నయం. రెండు చోట్లా వాయించాలంటే 14కి 5.5 లేదా 14కి 6.5 అంగుళాల లోహపు డ్రమ్ము తీసుకుని, చర్చిలో సన్న కర్రలతో వాయించుకోవడమే మేలని నా లెక్క. లోతు పెరిగేకొద్దీ గొంతు బరువెక్కుతుంది. 13, 12 అంగుళాలవి పక్కన రెండో స్నేర్‌గా ముద్దుగా ఉంటాయి గానీ ఉన్న ఒక్క డ్రమ్మూ అదే కాకూడదు.

ఒక మాట. ఊరేగింపులో మెడకి తగిలించుకుని నడుస్తూ వాయించే సైడ్ డ్రమ్ము వేరు, స్టాండు మీద పెట్టి వాయించే ఈ స్నేరు వేరు. "రెండింటికీ పనికొస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

సంచిలో వేసుకోవాల్సినవి

బోల్టులు తిప్పే డ్రమ్ కీ, మిల్లీమీటర్లున్న టేపు, ఫోన్లో టార్చి, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, కాస్త దూది, ఒక విజిటింగ్ కార్డు, మీరు రోజూ వాయించే కర్రలు. కొట్లో ఇచ్చే కర్రలతో వాయించి చూడొద్దు. కొత్త కర్రతో తెలిసిన దెబ్బ కూడా వేరేగా వినిపిస్తుంది.

షెల్ దేనితో చేశారు

స్టీలు మెరుపుగా, గంటలా ఎక్కువసేపు మోగుతుంది. అల్యూమినియం పొడిగా, స్పష్టంగా ఉంటుంది. ఇత్తడిది నిండు గొంతు, ఖరీదూ ఎక్కువే. చెక్కల్లో మేపుల్ వెచ్చగా, అన్ని స్థాయిల్లోనూ సమంగా పలుకుతుంది. బిర్చ్ దెబ్బ పదును, కూత పొట్టి. పాప్లర్ చవక, అయినా అంచు బాగా తీస్తే తీసిపారెయ్యాల్సింది కాదు.

ఇత్తడని చెప్పి ఇస్తున్నారా? అయస్కాంతం ఆనించండి. అతుక్కుంటే అది పూత వేసిన స్టీలు. అతుక్కోకపోతే ఇత్తడో అల్యూమినియమో, ఒకోసారి అయస్కాంతానికి లొంగని రకం స్టెయిన్‌లెస్ స్టీలో అయ్యుంటుంది. అప్పుడు చేత్తో లేపి చూడండి. ఒకే మందమైతే ఇత్తడి అల్యూమినియం కంటే మూడు రెట్లు బరువు, పొరబడే వీలు లేదు. స్టీలని తేలితే నిరాశపడక్కర్లేదు. ఇత్తడి ధర ఇవ్వకండి, అంతే. తక్కువ డబ్బుకి నమ్మకంగా దొరికేది సాధారణంగా స్టీలు షెల్లే. పెర్ల్, టామా, యమహా, మేపెక్స్ లాంటి కంపెనీల చవక వరసల్లోనూ అవి ఉంటాయి.

హెడ్లు విప్పించండి

అసలు పరీక్ష ఇదే. చాలామంది మొహమాటపడి వదిలేసేదీ ఇదే.

"విప్పితే మళ్లీ ఎవరు బిగిస్తారు బాబూ?" అంటాడు కొట్టాయన. "నేనే బిగిస్తానండీ, కీ తెచ్చుకున్నాను" అనండి. పది నిమిషాల పని. ససేమిరా కాదంటే దానికి వేరే ఉపాయం ఉంది, రిమ్ముల (హెడ్‌ని షెల్ మీద నొక్కిపట్టే వలయాల) దగ్గర చెబుతాను. ముందు విప్పారనే అనుకుందాం.

ఒట్టి షెల్‌ని సమంగా ఉన్న రాయి మీద బోర్లించాలి. టెక్కలి నీలం గ్రానైట్ మనకి పక్కనే కాబట్టి పాలిష్ పలక దొరకడం కష్టం కాదు. వంటింటి గట్టు చాలు. కొట్లోనైతే కౌంటరు మీది మందపాటి అద్దం. షట్టరు సగం దించమని, లైటు ఆర్పమని, ఫోను టార్చి వెలిగించి షెల్ లోపల పెట్టండి. ఇప్పుడు వంగి, కన్ను రాయి మట్టానికి తెచ్చి, షెల్ చుట్టూ మెల్లగా తిరగండి. పై అంచుని కిందకి పెట్టినప్పుడు ఎక్కడా వెలుగు గీత బయటికి రాకూడదు. వెంట్రుకంత సన్నగా ఒకచోట కనబడితే సర్దుకోవచ్చు. విజిటింగ్ కార్డు అంచు దూరేంత సందు ఉంటే ఆ డ్రమ్ముని అక్కడే వదిలెయ్యండి. ఆ సందు ఉన్నచోట హెడ్ షెల్‌కి సరిగా ఆనదు, పక్కనున్న లగ్గుని ఎంత తిప్పినా శ్రుతి కుదరదు, కుదిరినా రెండు పాటల్లో జారుతుంది.

వెలుగు కనబడితే తప్పు షెల్‌దో రాయిదో ఎలా తెలియాలి? షెల్‌ని పావు వంతు తిప్పండి. వెలుగు షెల్‌తోపాటు తిరిగితే షెల్ వంకర. ఉన్నచోటే ఉండిపోతే పలకే పల్లం.

తర్వాత దూది. చిన్న ఉండ తీసుకుని అంచు మీద తేలిగ్గా ఆనించి చుట్టూ రాయండి. నూలుపోగు ఎక్కడైనా తగులుకుంటే అక్కడ పెచ్చో, గరుకో, లక్క గడ్డకట్టిందో ఉన్నట్టు. చెక్క షెల్‌లో చిన్న గరుకు సన్న సాండ్‌పేపరుతో పోతుంది, పెచ్చు ఊడితే పోదు. అంచు వాలు చుట్టూ ఒకేలా ఉండాలి. 45 డిగ్రీల పదునైన అంచైతే హెడ్ చురుగ్గా మోగుతుంది, గుండ్రం చేసిన అంచైతే మెత్తగా, పొట్టిగా మోగుతుంది. రెండూ మంచివే. ఒకచోట పదునుగా, ఇంకోచోట మొద్దుగా ఉండటమే చెడు.

గుండ్రానికి టేపు పట్టండి. షెల్ లోపల ఎదురెదురుగా నాలుగు దిక్కులా కొలవండి. తేడా ఒక మిల్లీమీటరులోపు ఉంటే బాగున్నట్టు, రెండు దాటితే వద్దు. ఇంకో సులువు, కొత్త 14 అంగుళాల హెడ్‌ని షెల్ మీద పెడితే బలవంతం లేకుండా దిగి, వేలితో తోస్తే గిర్రున తిరగాలి. పట్టేస్తే షెల్ లావైనా ఉండాలి, కోడిగుడ్డులా అయినా ఉండాలి.

చెక్క షెల్ అయితే లోపలి వైపు పొరల మధ్య సందులు చూడండి. లోహపుదైతే అతుకు మీద వేలు పోనిచ్చి చూడండి. గట్టులా తగిలితే, అది అంచు దాకా వచ్చిందా అని చూడాలి. చివరగా షెల్‌ని ఒక వేలికి వేలాడదీసి కణుపుతో కొట్టండి. ఏ స్వరమైనా సరే, స్పష్టంగా పలకాలి.

స్నేర్ బెడ్

షెల్‌ని తిప్పి కింది అంచుని రాయి మీద పెట్టండి. ఈసారి రెండుచోట్ల వెలుగు కనబడి తీరాలి. స్ట్రైనర్ (తీగల్ని బిగించి, వదిలే లివరు సామాను) ఉన్న దిక్కున ఒకటి, దానికి సరిగ్గా ఎదురుగా ఇంకొకటి. తీగలు హెడ్‌కి హత్తుకుని కూర్చోవడానికి అంచుని అక్కడ కాస్త తగ్గిస్తారు, అదే స్నేర్ బెడ్. రెండు పల్లాలూ ఒకే లోతు ఉండాలి, మెల్లగా దిగి మెల్లగా ఎక్కాలి, స్ట్రైనర్ కన్నాలకి నడిమధ్య ఉండాలి. చవక డ్రమ్ములు ఇక్కడే దొరికిపోతాయి. బెడ్ తియ్యకుండా వదిలేస్తే తీగల చివర్లు పైకి తేలి ఎప్పుడూ బుర్రుమంటూనే ఉంటాయి. గొయ్యిలా తీసేస్తే కింది హెడ్ ముడతలు పడుతుంది. పై అంచు అద్దంలా ఉండి బెడ్ వంకరగా ఉన్న డ్రమ్ముని కూడా నేను కొనను. నెమ్మదిగా వాయించేటప్పుడు పలకాల్సిన సన్నటి మాటలన్నీ ఆ పల్లం పుణ్యమే.

రిమ్ములు, బోల్టులు

రిమ్ముని రాయి మీద పెట్టి రెండు వేళ్లతో ఎదురెదురుగా నొక్కండి. టకటక ఊగితే వంగింది. చవకవాటికి 1.6 మిల్లీమీటర్ల మందం రేకు రిమ్ము వస్తుంది, కాస్త మంచివాటికి 2.3. అచ్చుపోసిన రిమ్ము ఇంకా బిర్రుగా ఉంటుంది. రిమ్ షాట్లు (హెడ్‌నీ రిమ్మునీ ఒకేసారి కొట్టే దెబ్బలు) ఎక్కువ కొట్టేవాళ్లకి 2.3 ఉంటే చేతికి హాయి. ఇది తర్వాతైనా మార్చుకోవచ్చు.

హెడ్లు విప్పనివ్వని కొట్టయితే, అన్ని లగ్గుల దగ్గరా శ్రుతి ఒకటే వచ్చేలా బిగించాక, షెల్ నుంచి రిమ్ము ఎంత కిందికి దిగిందో చుట్టూ టేపుతో కొలవండి. శ్రుతి సమంగా ఉండి ఎత్తు మాత్రం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే రిమ్మో అంచో వంకరే.

ప్రతి బోల్టూ వేళ్లతోనే చివరిదాకా తిరగాలి. ఒక్కటి పట్టేసినా లగ్గులో మర పోయిందేమో చూడండి. ఎక్కువ పెద్ద కంపెనీలు వాడే మర 12-24, అంటే అంగుళానికి 24 చుట్లు. అదైతే బోల్టు పోయినా ఎక్కడైనా దొరుకుతుంది. దేశవాళీ బ్యాండు డ్రమ్ముల్లో కొన్నిటికి మర వేరు. అలాంటిది కొంటే అప్పుడే నాలుగు బోల్టులు అదనంగా అడిగి పుచ్చుకోండి. మర్నాడు పెళ్లి పెట్టుకుని రాయగడలో బోల్టు కోసం తిరగలేరు.

స్ట్రైనర్

లివరు పదేపదే వేసి తియ్యండి. వదులు కాకూడదు, చప్పుడు చెయ్యకూడదు. తీగలు తగిలించి ఉండగానే బిగింపు మరని తిప్పి చూడండి. సన్నగా, మధ్యలో ఎక్కడా ఆగకుండా తిరగాలి. ఆ మర ఉన్నచోట పెన్నుతో చిన్న గీత పెట్టి, రెండు నిమిషాలు గట్టిగా రిమ్ షాట్లు కొట్టి మళ్లీ చూడండి. గీత జరిగితే స్టేజీ మీదా జరుగుతుంది. స్ట్రైనర్‌ని మార్చుకోవచ్చు, అయితే కొత్తదాని కన్నాల దూరం పాతదానితో కలవాలి. ఆ దూరం కొలిచి ఫోన్లో రాసిపెట్టుకోండి.

బిగించే తీరు

ఇక డ్రమ్ముని నిజంగా వినాలంటే మీరే బిగించాలి. ముందు కింది హెడ్. అది 3 మిల్ మందం, అంటే మిల్లీమీటరులో పదమూడో వంతు. గోరు గుచ్చుకుంటే చిరుగుతుంది. బోల్టులన్నీ వేళ్లతో తగిలేదాకా తిప్పి, ఆపైన కీతో ఎదురెదురు బోల్టులకి జతలు జతలుగా అర చుట్టు చొప్పున తిప్పాలి. పక్కపక్కనే వరసగా బిగిస్తే హెడ్ ఒక పక్కకి లాగేస్తుంది. ప్రతి లగ్గు దగ్గరా, రిమ్ముకి అంగుళం లోపల వేలితో తట్టి శ్రుతి కలపండి. తీగలు ముందే ఉంటే వాటి కింద రెండు పెన్సిళ్లు దూర్చి ఎత్తిపెట్టండి, లేకపోతే బుర్రుమని ఏదీ వినబడనివ్వవు.

పై హెడ్‌కీ ఇదే వరస. రెమో కోటెడ్ ఎంబాసిడర్ గానీ ఇవాన్స్ జీ1 కోటెడ్ గానీ, ఒకే పొరది, 10 మిల్, అంటే పావు మిల్లీమీటరు. పోలిక కోసం అదే వాడండి. రెండు పొరల మందపు హెడ్ దెబ్బలకి బాగా ఆగుతుంది కానీ షెల్ తప్పులన్నీ కప్పేస్తుంది. కొట్లో అది వేసి చూపిస్తే ఒకే పొరది వెయ్యమని అడగండి. వేశాక నడుమ అరచేత్తో ఒకసారి నొక్కండి. చిటపటమంటే కంగారుపడకండి, హెడ్ అంచు లోపలి జిగురు సర్దుకుంటున్న చప్పుడది.

మొత్తం డ్రమ్ము శ్రుతి 196 హెర్ట్జ్ దగ్గర, అంటే కీబోర్డు మీద మధ్య సీకి కింద ఉన్న జీ దగ్గర పెట్టి మొదలెట్టండి. అక్కడి నుంచి దాని పైనున్న 'ఏ' (A) స్వరం దాకా, 220 వరకూ, మెల్లగా పెంచుకుంటూ వెళ్లండి. మంచి షెల్ ఈ మేరంతా పలుకుతుంది. ఏదో ఒక్క బిగింపులోనే బాగుండి, కాస్త పైకో కిందకో జరపగానే చచ్చిపోయే డ్రమ్ము నాకొద్దు. వర్షాకాలంలో అది మీతో సహకరించదు.

రెండు డ్రమ్ములు పోల్చాలంటే రెండింటికీ ఒకే రకం హెడ్, ఒకే శ్రుతి ఉండాలి. లేకపోతే మీరు పోలుస్తున్నది హెడ్లని.

వాయించి వినడం

వేలి కొనతో అంచు దగ్గర తట్టండి. ఆపాటికే తీగలు పలకాలి. తర్వాత అతి నెమ్మది రోల్ (ఆగకుండా వరసగా పడే దెబ్బలు), దాన్ని పెంచుకుంటూ గట్టి రోల్, మళ్లీ తగ్గిస్తూ కిందికి. దిగేటప్పుడు ఒక స్థాయి దగ్గర హఠాత్తుగా తీగలు నోరు మూసుకుంటే బెడ్‌నో తీగల బిగింపునో అనుమానించండి. కర్ర అడ్డంగా పడుకోబెట్టి రిమ్ము మీద కొడితే చెక్క చప్పుడు నిండుగా రావాలి. మెలోడీ పాటల్లో సగం నెమ్మది పాటలకి అదే ఆధారం. ఆపైన రిమ్ షాట్లు. ఆపైన మీకు చేతివాటమైన తీన్‌మార్ రెండు నిమిషాలు, మొహమాటం లేకుండా.

ఇప్పుడు కర్రలు ఇంకొకరికిచ్చి మీరు కొట్టు బయటికి, ఓ ముప్పై అడుగులు నడవండి. దగ్గర కూర్చున్నప్పుడు చిరాకు పెట్టిన ఆ గంట మోత ఇక్కడికి దాదాపు రాదు. దానికి భయపడి హెడ్ నిండా టేపులు అంటించేవాళ్లు డ్రమ్ము గొంతు నొక్కి జనానికి వినిపిస్తున్నారు. స్టేజీ మీద ష్యూర్ ఎస్ఎం57 లాంటి మైకు రిమ్ము పక్కనే ఉంటుంది కాబట్టి మైకుకి ఆ మోత పడుతుంది. అప్పుడు హెడ్ మీద అంటించే చిన్న జెల్ ముక్క ఒకటి చాలు.

తీగలు వదిలేసి కూడా వాయించండి. షెల్ నిజం గొంతు అదే.

డ్రమ్ముతో వచ్చిన తీగలు బాగోలేకపోతే అది డ్రమ్ము తప్పు కాదు. సాధారణంగా 20 పోగులుంటాయి. రాయి మీద పరిచి చూడండి. ఒక పోగు సాగి లేచి ఉంటే ఎంత బిగించినా బుర్రుమంటూనే ఉంటుంది. కటింగ్ ప్లయరుతో ఆ ఒక్క పోగూ రెండు చివరలా కత్తిరించేసి హాయిగా వాడుకోవచ్చు.

పాతది కొనేటప్పుడు

మాఘ, ఫాల్గుణ, వైశాఖాల పెళ్లిళ్లు అయిపోయి ఆషాఢం వచ్చాక పార్టీలవాళ్ల సామాను కొంత అమ్మకానికి వస్తుంది. బేరానికి అదే అదను. పై పరీక్షలన్నీ చెయ్యండి, అదనంగా లగ్గుల చుట్టూ సన్న పగుళ్లు, చెక్క అంచు మళ్లీ చెక్కించిన గుర్తులు, షెల్‌కి ఎవరో వేసిన కొత్త కన్నాలు చూడండి. తుప్పు తీగలకీ బోల్టులకీ మాత్రమే ఉంటే ధర తగ్గించడానికి మీకు దొరికిన సాకు అది. మాసిన హెడ్ కూడా అంతే. అంచు బాగున్న షెల్ మాసిన హెడ్ కింద దాక్కుని చవగ్గా దొరుకుతుంది.

ఆన్‌లైన్లో తెప్పించుకుంటే పార్సిలు విప్పేటప్పుడు వీడియో తియ్యండి, టార్చి పరీక్ష కూడా అందులోనే చెయ్యండి. వెనక్కి పంపే గడువు ముగిసేలోగా, వాయించి మురిసిపోవడానికి ముందే చెయ్యండి.

ఇంటికొచ్చాక

బోల్టులకి చుక్క చొప్పున కుట్టుమిషను నూనె. చెక్క అంచుకి కొవ్వొత్తి మైనం పలచగా. డ్రమ్ము పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు, బరంపురంలోనైతే రెట్టింపు. కార్యక్రమం అయ్యాక తీగలు పొడిబట్టతో తుడిచి, లివరు దించి, సంచి జిప్పు ఓ గంట తీసి ఉంచండి. చెమట చేతులతో పట్టుకున్న చోట రిమ్ముని కూడా తుడవండి, తుప్పు మొదలయ్యేది అక్కడే.